డేట్‌లైన్ వదిలి మైకు ముందుకి

మేం చదివిన జర్నలిజం కళాశాలలో రేడియో పాఠం చెప్పిన మాస్టారు ముందు టేపు కోయడం నేర్పేవారు. సెకనుకి 19 సెంటీమీటర్లు పరిగెత్తే టేపులో అరసెకను తడబాటంటే తొమ్మిదిన్నర సెంటీమీటర్ల ముక్క. మైనపు పెన్సిలుతో గుర్తు పెట్టి, బ్లేడుతో 45 డిగ్రీల వాలులో కోయాలి. నిలువుగా కోస్తే అతుకు దగ్గర ‘టక్’మంటుంది. ఊపిరి తీసుకునే చప్పుడు మాత్రం కొయ్యనిచ్చేవారు కాదు, అది పోతే మనిషి మాట్లాడినట్టు ఉండదని. విదేశీ విలేకరిగా ఏళ్లు గడిపి పాడ్‌కాస్ట్ హోస్టుగా మారేవాళ్లకి ఇవాళ అన్నిటికన్నా అక్కరకొచ్చే పాఠం అదే.

ఈ దారి కొత్తదేం కాదు. బ్రిటన్‌లో పుట్టిన విలేకరి అలిస్టర్ కుక్ 1946 నుంచి 2004 దాకా బీబీసీలో వారంవారం అమెరికా కబుర్లు చెప్పాడు. విలేకరులు తాము చూసింది తీరిగ్గా చెప్పే కార్యక్రమాన్ని అదే సంస్థ 1955లో మొదలుపెట్టింది. ప్యారిస్, వాషింగ్టన్‌లలో పనిచేసిన జాన్ సోపెల్ 2022లో బీబీసీ వదిలి, అక్కడే పనిచేసిన ఎమిలీ మైట్లిస్‌తో కలిసి రోజువారీ పాడ్‌కాస్ట్ పెట్టాడు.

మారేవాళ్లకి మొదట అడ్డొచ్చేది సొంత గొంతే. నిమిషం వార్తలో ప్రతి వాక్యాన్నీ ఒకే రాగంలో దించడం అలవాటైపోతుంది. అరగంట అలా వింటే ఎవరికైనా నిద్రొస్తుంది. స్క్రిప్టు పక్కన పెట్టి, మొదటి పేరా ఎదుటి మనిషికి నోటితో చెప్పి రికార్డు చేసుకుని, దాన్నే కాగితం మీద పెట్టుకోవడం మంచి విరుగుడు. జనం గోల మధ్య మైకుని మూతికి ఆనించి గట్టిగా మాట్లాడిన మనిషి గదిలోనూ అదే చేస్తాడు. గదిలో జానెడు దూరం చాలు, మైకు కాస్త పక్కగా ఉండాలి. ఎదురుగా ఉంటే ‘ప’, ‘బ’ పలికినప్పుడల్లా గాలి దెబ్బ పడుతుంది. ఉత్త గోడల ప్రతిధ్వని తర్వాత పూర్తిగా పోదు, ముందే దుప్పట్లు కట్టుకోవాలి.

దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు ఇంటర్నెట్ కాల్‌ని నమ్ముకోకూడదు. దాని రికార్డింగు తర్వాత పోల్చుకోవడానికే. ఎవరి వైపు వాళ్లు 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు (కుదించని ఆడియో) రికార్డు చేసి, రెండు ఫైళ్లనీ జత కలపడానికి మొదట్లో ఒక చప్పట, చివర్లో ఒక చప్పట కొట్టాలి. రెండు యంత్రాల గడియారాలు ఒకే వేగంతో నడవవు. గంట గడిచేసరికి ప్రశ్న పూర్తికాకముందే జవాబు మొదలైనట్టు వినిపించవచ్చు. ఎంత జారిందో చివరి చప్పటే చెబుతుంది. ఎవరూ మాట్లాడని నిమిషం కూడా రికార్డు చేయాలి. కోసినచోట ఆ గది నిశ్శబ్దమే అతుకు. తుది మిక్స్ స్టీరియోకి మైనస్ 16 లఫ్స్ (మొత్తంమీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర, అన్నిటికన్నా గట్టి శబ్దాల శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దాటకుండా ఉంటే చాలు.

ఇవన్నీ నెలలో పట్టుబడతాయి. నిజం తేల్చుకోవడం దగ్గరే ఈ మాధ్యమం మోసం చేస్తుంది. న్యూయార్క్ టైమ్స్ 2018లో ఉగ్రవాద సంస్థ ఇస్లామిక్ స్టేట్ మీద తెచ్చిన ‘కాలిఫేట్’ పాడ్‌కాస్ట్ సిరీస్ చాలావరకు ఒక్క మనిషి చెప్పిన కథ మీద నిలబడింది. అతను చెప్పినవి కట్టుకథలంటూ 2020 సెప్టెంబరులో కెనడా పోలీసులు కేసు పెట్టారు. ఆ సిరీస్ తమ ప్రమాణాలకి తగ్గట్టు లేదని డిసెంబరులో పత్రికే ఒప్పుకుని, దానికి వచ్చిన పీబడీ అనే ప్రసార రంగపు అవార్డు తిరిగి ఇచ్చేసింది. అచ్చులో ‘అని అతను చెప్పాడు’ అన్న మాట ప్రతి వాక్యానికీ కాపలా. వినే చోట వణుకుతున్న గొంతే సాక్ష్యమైపోతుంది. అందుకే ఎడిటింగ్ మొదలుకాకముందే ఒక పట్టిక ఉండాలి: అన్నదేమిటి, ఇంకెవరు చూశారు, రుజువు కాగితం ఎక్కడుంది. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ సందేహం ఆ మాట పక్కనే వినిపించాలి. ఎపిసోడ్ చివర్లో చెబితే వినడానికి మిగిలేది ఎందరు?

మూలాల, అంటే సమాచారం ఇచ్చినవాళ్ల, భద్రత ఇంకో తలనొప్పి. గొంతు స్థాయి మార్చినంత మాత్రాన మనిషి దాగడు, అదే సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తిప్పొచ్చు. ఆ మాటలు మరొకరితో చదివించడమే మేలు. వెనక రైలు ప్రకటన వినబడితే ఊరు కూడా తెలిసిపోతుంది. పాత ఉద్యోగంలో తీసిన టేపులు సాధారణంగా సంస్థ సొత్తు, రాజీనామా రాసేముందే ఒప్పందం చదవాలి.

రికార్డు చేసిన తేదీ ఎపిసోడ్‌లోనే చెప్పాలి, కొందరు ఏడాది తర్వాత వింటారు. హోస్టుకి ఆ దేశం గురించి తెలిసింది కూడా అలాగే పాతబడుతుంది. రెండేళ్లు దాటాక తను చెప్పడం తగ్గించి, ఇప్పుడు అక్కడున్న విలేకరిని అడగాలి. ఒకప్పుడు దారి చూపి, అనువాదం చేసిపెట్టిన స్థానిక ఫిక్సరే చాలాసార్లు ఆ విలేకరి. పేరు వేయాలి, పారితోషికం ఇవ్వాలి. అలాంటివాళ్లతో భూస్థిర ఉపగ్రహం మీదుగా ఫోన్‌లో మాట్లాడితే, మాట 36,000 కిలోమీటర్లు ఎక్కి దిగడానికి పావు సెకను, జవాబు రావడానికి మరో పావు సెకను. మధ్యలో ‘ఊఁ, ఊఁ’ అంటే అది అవతలివాళ్ల తర్వాతి మాట మీద పడి, కోసినా విడిపడదు.