ఎల్‌ఆర్‌ఎస్‌లో ఆ 14 శాతం: నా అనుభవం

2011లో హైదరాబాద్ దగ్గర సాగర్ రోడ్డు వైపు 200 గజాల ప్లాట్ కొన్నాను. బ్రోషర్ మీద 'గ్రామ పంచాయతీ అప్రూవ్డ్' అని పెద్ద అక్షరాలు. ప్లాన్ మీద సర్పంచ్ సంతకం, పంచాయతీ ముద్ర, మధ్యలో ఆకుపచ్చ రంగు వేసిన పార్కు. రిజిస్ట్రేషన్ కూడా ఏ అడ్డూ లేకుండా అయిపోయింది. ఇంకేం కావాలి అనుకున్నాం.

2020 ఆగస్టులో ఒక్కసారిగా అలాంటి ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. లేఅవుట్‌కి అప్రూవల్ ఉండాల్సింది డీటీసీపీది (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ) లేదా హెచ్‌ఎండీఏది (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), సర్పంచ్ సంతకం ఒక్కటే చెల్లదన్నారు. ఎల్‌ఆర్‌ఎస్, అంటే అప్రూవల్ లేని లేఅవుట్‌లోని ప్లాట్‌ని ఫీజు కట్టి క్రమబద్ధీకరించుకునే పథకం. అది చేయించుకోకుండా ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ రాదు. వెయ్యి రూపాయలు కట్టి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. తర్వాత ఏళ్ల తరబడి ఫైలు కదల్లేదు. 2025 మార్చి 31 లోపు కడితే 25 శాతం రాయితీ అని ప్రభుత్వం ప్రకటించాకే నా ఫీజు ఎంతో తెలిసింది.

ఫీజులో రెండు భాగాలు. క్రమబద్ధీకరణ ఛార్జీ సుమారు 13,400. దాని కింద ఓపెన్ స్పేస్ ఛార్జీ, 28,000. అసలుకంటే కొసరు రెట్టింపు! లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలకపోతే, ప్రతి ప్లాట్ విలువలో 14 శాతం కట్టాలన్నది రూల్. లెక్క రిజిస్ట్రేషన్ నాటి మార్కెట్ విలువ మీద వేస్తారు కాబట్టి బతికిపోయాను. అప్పట్లో మా దగ్గర గజం వెయ్యి రూపాయలే. ఇప్పటి విలువ మీదైతే అమ్ముకోవడమే మేలనిపించేది.

కానీ మాకు పార్కు ఉంది కదా! పాత ప్లాన్ పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాను. మా పంచాయతీ ఈలోపు మున్సిపాలిటీలో కలిసిపోయింది. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఉన్నాయన ప్లాన్ వైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. "పార్కు పంచాయతీ పేరు మీద గిఫ్ట్ డీడ్ అయిందా సార్? అది చూపెట్టండి, 14 శాతం తీసేస్తం" అన్నాడు. అంటే పార్కు స్థలాన్ని లేఅవుట్ వేసినాయన పంచాయతీకి రాసిచ్చిన రిజిస్టర్డ్ పత్రం. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న మాలో ఒక్కరికీ రాలేదు.

పాత పంచాయతీ రికార్డుల్లో గిఫ్ట్ డీడ్ లేదు. పక్క ప్లాట్ అన్న, నేను కలిసి పార్కు ఉన్న సర్వే నంబర్‌కి ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించాం. ఒకదాని కింద ఒకటి సేల్ డీడ్లు. లేఅవుట్ వేసినాయన పార్కుని ముక్కలు చేసి ప్లాట్లుగా అమ్మేశాడు. మేమెప్పుడో ఒకసారి వెళ్లి హద్దురాళ్లు చూసుకుని వచ్చేవాళ్లమే గానీ, పార్కు వైపు ఎవరు చూశారు! అక్కడ ఇప్పుడు ఒక రెండంతస్తుల ఇల్లు కూడా లేచింది. ఆ ఇంటాయన కూడా మాలాగే డబ్బు పోసి కొనుక్కున్నవాడే, ఆయనతో ఏం గొడవ పడతాం?

కోర్టుకెళ్దామని కొందరన్నారు. లేఅవుట్ వేసినాయన ఫోనెత్తడు, రాయితీ గడువేమో దగ్గరపడుతోంది. తినింది ఒకరు, బిల్లు మాకు అని తిట్టుకుంటూనే రాయితీ పోను దాదాపు 31,000 కట్టేశాను. ప్లాట్‌ని క్రమబద్ధీకరించినట్టు ప్రొసీడింగ్స్ చేతికొచ్చాయి.

పంచాయతీ లేఅవుట్‌లో ప్లాట్ ఉన్నవాళ్లు ఫీజు కట్టేముందు పార్కు గిఫ్ట్ డీడ్ కోసం తప్పకుండా వెతకండి. దొరికితే పెద్ద మొత్తం మిగులుతుంది. మీ సేల్ డీడ్ నాటి మార్కెట్ విలువనే లెక్కలోకి తీసుకున్నారో లేదో కూడా చూసుకోండి.

ఇలా వసూలైన డబ్బుని విడిగా ఖాతాలో ఉంచి, ఆ ప్రాంతంలో సౌకర్యాలకే ఖర్చు పెట్టాలని రూల్స్‌లోనే ఉంది. మా లేఅవుట్ నుంచి ఎంత వచ్చింది, దేనికి వాడారు అని ఆర్టీఐ కింద అడిగాం. గడువు దాటినా జవాబు రాలేదు, మొదటి అప్పీలు రాస్తున్నాం.