థర్లెస్ రైల్లో ఒక పుస్తకం

డిసెంబర్ రెండో శనివారం సాయంత్రం డబ్లిన్ ఓకానెల్ స్ట్రీట్‌లో ఒక పుస్తకాల షాపులోకి వెళ్తే బయటికి రావడానికి గంటన్నర పట్టింది. మా టీమ్‌లో పనిచేసే కుర్రాడు మర్నాడు వాళ్ల ఊరు థర్లెస్‌కి భోజనానికి పిలిచాడు. వట్టి చేతులతో వెళ్లలేను కదా, మీ నాన్నగారికి ఏం తేవాలి అని అడిగాను. "ఏమీ వద్దు, తేవాలనే ఉంటే హర్లింగ్ ఆటగాడు ఎవరైనా రాసుకున్న జీవితకథ తీసుకురా, ఆయన ఇంకేమీ చదవడు" అన్నాడు. హర్లింగ్ అంటే కర్రతో చిన్న బంతిని కొట్టే ఇక్కడి ఆట.

షాపులో మెట్ల పక్కన ఒక పెద్ద బల్ల నిండా అవే. అట్ట మీద ఒక మనిషి ముఖం, కింద అతని పేరు. హర్లింగ్ వాళ్లు, గేలిక్ ఫుట్‌బాల్ (చేతులతో కూడా ఆడే ఇక్కడి ఫుట్‌బాల్) వాళ్లు, కోచ్‌లు. ఏటా క్రిస్మస్‌ని చూసుకుని సెప్టెంబర్, అక్టోబర్‌లలో వీటిని విడుదల చేస్తారు. గట్టి అట్టది 22 యూరోలు, 25 యూరోలు. ఇక్కడ పుస్తకాల మీద వ్యాట్ సున్నా, అయినా ఈ ధర. మన డబ్బుల్లో రెండు వేల పైమాటే, ఒక్కసారి చదివి బీరువాలో పెట్టేదానికి! చేతిలోకి తీసుకోవడం, వెనక ధర చూడడం, మళ్లీ పెట్టేయడం, ఇలా నాలుగుసార్లు అయ్యాక హెన్రీ షెఫ్లిన్ పుస్తకం పేపర్‌బ్యాక్ ఒకటి దొరికింది. పది ఆల్ ఐర్లాండ్ (మన జిల్లాల్లాంటి కౌంటీల జట్ల మధ్య ఏటా జరిగే పెద్ద కప్పు) పతకాలు గెలిచిన మనిషి, 2015లో రిటైరై అదే ఏడాది పుస్తకం తెచ్చాడు. ఇంతకంటే పెద్ద ఆటగాడు ఎవరుంటారులే అనుకుని తీసుకున్నాను.

ఆదివారం పొద్దున హ్యూస్టన్ స్టేషన్. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోకపోతే ఈ రైళ్లు ఎంత గుంజుతాయో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. కార్క్ వెళ్లే బండి కిటకిటలాడుతోంది. ఎదురు సీట్లో అరవై దాటిన ఒకావిడ కూర్చుంది, టెంపుల్‌మోర్‌లో దిగుతుందట, అంటే థర్లెస్‌కి ముందు స్టేషన్. నా చేతిలో పుస్తకం చూసి కిల్డేర్ దాటేదాకా ఓపిక పట్టి, ఇక ఆగలేక అడిగేసింది.

"అది టిప్పరరీలో ఎవరికైనా ఇవ్వడానికా?"

అవునన్నాను, థర్లెస్ టిప్పరరీ కౌంటీలోదే.

"మంచి పుస్తకమే. కానీ ఆయన కిల్కెన్నీ వాడు, తెలుసా?"

నాకు తెలుసు, కానీ దాని అర్థం తెలియదు. ఆవిడ కూర్చోబెట్టి చెప్పింది. పక్కపక్క కౌంటీలు. 2009 ఆల్ ఐర్లాండ్ ఫైనల్లో కిల్కెన్నీ టిప్పరరీని ఓడించి వరసగా నాలుగో కప్పు గెలిచింది. 2010లో ఐదోది గెలవకుండా టిప్పరరీయే అడ్డుకుంది. లార్ కార్బెట్ అనే థర్లెస్ కుర్రాడు ఆ రోజు మూడు గోల్స్ కొట్టాడు. గోల్ అంటే మూడు పాయింట్లు, బంతి అడ్డుకర్ర పైనుంచి వెళ్తే ఒకటి. షెఫ్లిన్ మోకాలి గాయంతోనే దిగి, పావుగంటైనా ఆడకుండా కుంటుతూ వెళ్లిపోయాడట. "మా ఆయన ఇప్పటికీ అంటాడు, షెఫ్లిన్ ఉండుంటే అని. గెలిచిన వాళ్లం మేమే, అయినా అంటాడు" అంది. 2025 జులైలో టిప్పరరీ కార్క్ మీద గెలిచిన ఫైనల్ గురించి చెప్పేటప్పుడు ఆవిడ కళ్లు వెలిగిపోయాయి. సగం ఆటకి ఆరు పాయింట్లు వెనకబడి, రెండో సగంలో మూడు గోల్స్ కొట్టారు. కార్క్‌కి ఆ సగమంతటిలో వచ్చినవి రెండే పాయింట్లు.

వీళ్లెవరికీ జీతాలు లేవు. డబ్లిన్‌లో 82 వేల మంది పట్టే క్రోక్ పార్క్ స్టేడియంలో ఆదివారం ఆడి, సోమవారం ఉద్యోగానికి వెళ్తారు. షెఫ్లిన్ బ్యాంకులో చేశాడు, కార్బెట్ ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. చాలామంది పుట్టిన ఊరి క్లబ్బుకే ఆడతారు. మన దగ్గర క్రికెటర్ పుస్తకం కొంటే ఎక్కడో మేడ మీద ఉన్నవాడి గురించి చదువుతాం. ఇక్కడ చదివేది పిల్లలకి పాఠం చెప్పిన మాస్టారి గురించి, ఇంటికొచ్చి వైరింగ్ చేసిన మనిషి గురించి. అందుకే చదువుతారు అనిపించింది.

పోర్ట్‌లీష్ దాటాక ఆవిడ గొంతు కాస్త తగ్గించింది. నిజానికి ఈ రాత రాయడానికి కారణం ఆ తర్వాతి పావుగంటే.

ఆవిడకి ఒక తమ్ముడు. గుర్రప్పందేలు, తర్వాత ఫోన్లో పందేలు. ఇల్లు తాకట్టు దాకా వెళ్లింది. ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్కరూ నోరెత్తలేదు. ఎత్తితే క్రిస్మస్ భోజనానికి కూడా రాడేమోనని భయం. అప్పుడు ఓషీన్ మెక్‌కాన్విల్ పుస్తకం కనిపించిందట. ఉత్తరాన ఆర్మా కౌంటీ, క్రాస్‌మగ్లెన్ ఊరి వాడు, గేలిక్ ఫుట్‌బాల్. 2002 ఫైనల్లో కెర్రీ మీద మొదటి సగంలో పెనాల్టీ పోగొట్టాడు, రెండో సగంలో గోల్ కొట్టాడు, ఆర్మా ఒకే ఒక్క పాయింట్‌తో గెలిచింది. ఆర్మా చరిత్రలో అదే మొదటి కప్పు. దేశమంతా భుజాల మీద మోసిన ఆ మనిషి, ఆ రోజుల్లోనే జూదంలో మునిగిపోయి ఉన్నానని 2007లో పుస్తకంలో రాసుకున్నాడు. చికిత్స తీసుకున్నాడు, తర్వాత ఆ వ్యసనంలో ఉన్నవాళ్లకే కౌన్సెలర్ అయ్యాడు.

"రంగు కాయితం చుట్టి అందరి గిఫ్టులతో పాటే చెట్టు కింద పెట్టాను. విప్పి చూశాడు. థాంక్స్ అన్నాడు, అంతే. ఈస్టర్‌కి వచ్చినప్పుడు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. ఒక పేజీ మూల మడిచి ఉంది. ఆ పేజీ నేను చదివాను. చదివానని వాడికి తెలుసు."

తర్వాత ఏమైంది అని అడిగాను. "ఆ వేసవిలో డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. పుస్తకం వల్లే అని నేను చెప్పను. కానీ మాట్లాడడానికి మాకొక మాట దొరికింది" అంది. అప్పటికి టెంపుల్‌మోర్ వచ్చేసింది. సంచీ భుజాన వేసుకుని, షెఫ్లిన్ పుస్తకం ఇచ్చెయ్యి ఏం పర్లేదు అని చెప్పి దిగిపోయింది. పేరు కూడా అడగలేదు నేను.

థర్లెస్ చిన్న ఊరు. లిబర్టీ స్క్వేర్‌లో హేస్ హోటల్ చూపించాడు మావాడు, 1884 నవంబర్ 1న ఈ ఆటల సంఘం పుట్టింది అక్కడే. సెంపుల్ స్టేడియం గేటు వేసి ఉంది. చలి ఎముకలు కొరుకుతోంది, ఇంటికెళ్లిపోయాం.

వాళ్ల నాన్నగారిని పేరు పెట్టి పిలవమన్నారు, ఇక్కడ అలాగే పిలుస్తారు, నాకు మాత్రం నోరు రాదు. పుస్తకం చేతికి ఇచ్చాను. అట్ట చూసి, కళ్లజోడు పెట్టుకుని, చూపుడు వేలు తడి చేసుకుని పేజీలు తిప్పారు. 2010 ఫైనల్ దగ్గర ఆగి నిలబడే రెండు పేజీలు చదివి, "పాపం, చాలా నొప్పి పడ్డాడు" అన్నారు. తర్వాత నన్ను ముందు గదిలోకి తీసుకెళ్లి బీరువా చూపించారు. ముప్పై దాకా ఉంటాయి. ప్రతిదానిలో మొదటి పేజీ మీద పెన్నుతో ఒకటే వాక్యం: నాన్నకు, క్రిస్మస్, సంవత్సరం. 2009వి రెండు ఉన్నాయి, అన్నదమ్ములిద్దరూ ఒకే పుస్తకం కొనేశారట. కార్క్ గోల్‌కీపర్ డోనల్ ఓగ్ క్యూసాక్‌ది అది. తను గే అని అందులోనే బయటికి చెప్పాడు. ఆ క్రిస్మస్‌కి టిప్పరరీలో ప్రతి ఇంట్లో దాని గురించే మాట్లాడుకున్నారని, వాళ్ల అమ్మగారైతే, తనకి తెలిసిన ఒక తల్లి ఆ పుస్తకం చదివాకే కొడుకుతో మనసు విప్పి మాట్లాడిందని చెప్పింది. డబ్లిన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఫిలీ మెక్‌మాన్ 2017లో రాసింది కూడా ఉంది, హెరాయిన్‌కి బలైపోయిన అన్న జాన్ కథ. పై అరలో మేయో కౌంటీ గేలిక్ ఫుట్‌బాల్ అమ్మాయి కోరా స్టాంటన్‌ది ఒక్కటి విడిగా ఉంటే "అది నాది, ఆయనది కాదు" అంది ఆవిడ.

చాలా వరకు వీటిని రాసిపెట్టేది పత్రికల వాళ్లే, ఆటగాడు చెప్తాడు, వాళ్లు రాస్తారు. కొన్నింటిలో మ్యాచ్ తర్వాత మ్యాచ్, స్కోరు తర్వాత స్కోరు, పది పేజీలకే విసుగొస్తుంది. గిఫ్టుగా అవి కొనకండి. ఇంట్లో జరిగింది దాచకుండా చెప్పినవే ఇంకొకరి ఇంట్లో పనికొస్తాయి.

సాయంత్రం నాలుగున్నరకే చీకటి. తిరుగు రైల్లో మొత్తం మా బాబాయి కొడుకే గుర్తొచ్చాడు. భీమవరంలో ఉంటాడు. సంక్రాంతికి బరుల దగ్గర మొదలైంది, తర్వాత ఫోన్లో ఐపీఎల్ బెట్టింగులు. పోయినేడు పిన్ని గాజులు పోయాక అందరికీ తెలిసింది. ఆంధ్రలో ఆన్‌లైన్ బెట్టింగ్ 2020 నుంచే నిషేధం, అయినా ఏదో దారి దొరుకుతుంది వాళ్లకి. బాబాయి కొట్టాడు, పిన్ని ఏడ్చింది, నేను వీడియో కాల్‌లో "ఏం చేస్తున్నావురా" అన్నాను, "ఏం లేదక్కా" అన్నాడు, వాతావరణం గురించి మాట్లాడుకుని పెట్టేశాం. మన భాషలో ఒక ఆటగాడు నేనూ ఇలా పోగొట్టుకున్నాను అని రాసిన పుస్తకం ఏదైనా ఉందా అని దారంతా వెతుక్కున్నాను. ఒక్కటీ తట్టలేదు.

వారం తిరక్కుండా డబ్లిన్‌లో పాత పుస్తకాల షాపులో మెక్‌కాన్విల్‌ది 6 యూరోలకి దొరికింది. జనవరి 11న ఇండియా వెళ్తున్నాను. వాడికి ఇంగ్లిష్ బాగానే వచ్చు. మొదటి పేజీ మీద ఏం రాయాలా అని చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. తమ్ముడికి, సంక్రాంతి 2026 అని మాత్రం రాసి, సూట్‌కేసులో చీరల మధ్య పెట్టాను.