మూడు సున్నాల గోల

మా విజయవాడ ఆఫీసులో ఫోన్లన్నిటినీ కలిపే పాత ఎక్స్ఛేంజ్ పెట్టె, అదే ఈపీఏబీఎక్స్, మూలన పడింది. "నీకు కంప్యూటర్లు తెలుసుగా, నువ్వే చూడవయ్యా" అన్నారు మేనేజర్ గారు. అలా అదే పనిని కంప్యూటర్‌తో చేయించే ఫ్రీపీబీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ నా నెత్తిన పడింది. 32 ఫోన్లను రిజిస్టర్ చెయ్యడం ఒక్క పూట పని. అసలు కథ నంబర్ల దగ్గర మొదలైంది.

పాత ఎక్స్‌టెన్షన్లు, అంటే ఆఫీసు లోపలి నంబర్లు, 101 నుంచి ఉండేవి. గోడౌన్‌ది 108! ఎవరికైనా గుండె నొప్పి వచ్చి 108 నొక్కితే గోడౌన్‌లో మోగేదన్నమాట. ఇన్నేళ్లూ ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. అన్నిటినీ 201 నుంచి మార్చాను. బయటి లైనుకి నొక్కే సున్నా లేకుండానే 108, 112 వెళ్లేలా ఒక రూట్ (ఏ నంబరు ఎలా బయటికి వెళ్లాలో చెప్పే నియమం) పెట్టి, దాన్ని అన్నిటికంటే పైన ఉంచాను. ఇందులో రూట్లను పైనుంచి కిందకి చూస్తారు, ముందు ఏది కలిస్తే అదే.

తర్వాత ఐఎస్‌డీ, అంటే విదేశీ కాల్స్. 00తో మొదలయ్యే ప్రతి నంబరుకీ పాస్‌వర్డ్ అడగమని రెండో రూట్ రాశాను. స్థానిక ల్యాండ్‌లైన్ ఒకటి కొట్టి చూశాను, వెళ్లింది. హాయిగా ఇంటికెళ్లాను.

సోమవారం పొద్దున్నే గోల. ఏ మొబైల్‌కి చేసినా పాస్‌వర్డ్ అడుగుతోందట. టెన్షన్‌తో కాల్స్ చిట్టా (లాగ్) తెరిస్తే తప్పు నాదే. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి ముందు 0 కలపాలి కదా. బయటి లైనుకి ఒక సున్నా, మొబైల్‌కి ఒక సున్నా, వెరసి 00. హైదరాబాద్ 040కి చేసినా అంతే, 0040 అవుతోంది. అది రొమేనియా కోడ్! మా సిస్టమ్ దృష్టిలో అకౌంట్స్ మేడమ్ పొద్దుటి నుంచీ రొమేనియాకి ఫోన్లు కొడుతున్నారు.

బయటి సున్నాని ప్రిఫిక్స్ గడిలోకి (అందులో పెట్టిన అంకెని తీసేసి మిగతా నంబరే బయటికి పంపుతుంది) మార్చి, దాని తర్వాత 00 వస్తేనే ఐఎస్‌డీ అని దిద్దాను. అంటే మొత్తం మూడు సున్నాలు. 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పదంకెల నంబరైతే ముందు 0 సిస్టమే కలిపేలా ప్రిపెండ్ అనే గడిలో 0 పెట్టాను. ఇప్పుడు ఒక సున్నా కొట్టినా, రెండు కొట్టినా మొబైల్ మోగుతుంది.

ఆ సాయంత్రమే మేడమ్ గోడౌన్ కోసం అలవాటుగా 108 నొక్కారు. అంబులెన్సు వాళ్లు ఎత్తారు. ఆవిడ క్షమాపణ చెబుతుంటే నేను కొత్త నంబర్ల కాగితాలు ప్రింట్ తీసి, ప్రతి ఫోన్ పక్కనా అతికించుకుంటూ వెళ్లాను.