80 జీబీ డిస్కు 33.8 దగ్గర మొండికేసింది

మూడు రాత్రులు పోయాయి. పాలకొల్లులో బాబాయి గారి డీటీపీ (కార్డులు, పుస్తకాలు కంప్యూటర్లో అచ్చుకి తయారుచేసే) షాపు పెంటియం-3 కంప్యూటర్ మూత తీసి నా బల్ల మీదే ఉంది. మాఘమాసం పెళ్లికార్డులు ముంచుకొస్తున్నాయి. "కొత్తది కొనండి" అంటే "నా అనూ ఫాంట్లూ పేజ్‌మేకరూ ఇందులోనే ఉండాలబ్బాయ్" అంటారు.

లోపలి 10 జీబీ డిస్కు టిక్కుటిక్కుమంటోందని 80 జీబీ ఐడీఈ (పాత వెడల్పు కేబుల్ రకం) సీగేట్ డిస్కు బిగించా. మెమరీ లెక్క 131072 దాకా వస్తుంది, ప్రైమరీ మాస్టర్‌ని వెతుకుతున్నట్టు ఒక లైను పడుతుంది, అంతే. 20 నిమిషాలు చూశా. డిలీట్ నొక్కినా బయాస్ (కంప్యూటర్ లేవగానే డిస్కుల్ని గుర్తించే, చిప్‌లోని ప్రోగ్రాం) సెటప్‌లోకి పోదు.

మొదటి అనుమానం కరెంటు మీద. రాత్రి చెరువుల దగ్గర నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరగడం మొదలైతే మా వీధిలో మీటరు 187 వోల్టులు చూపిస్తుంది. తెల్లవారుజామున 228 ఉన్నప్పుడు పెట్టా, అదే బిగుసుకుపోవడం. 5 వోల్టుల వైరు 4.96, 12ది 11.7, రెండూ బాగానే ఉన్నాయి. కేబుల్ మార్చా. ఉప్పుగాలికి నల్లబడ్డ పిన్నుల్ని రబ్బరుతో రుద్దా. అదే కేబుల్‌కి పాత 10 జీబీ పెడితే టక్కున లేస్తుంది!

అప్పుడు కాగితం తీశా. డిస్కులో 15,63,01,488 సెక్టార్లు. 16 హెడ్లు, 63 సెక్టార్ల లెక్కన 1,55,061 సిలిండర్లు. ఆ కాలం నాటి కొన్ని బయాసుల్లో సిలిండర్ల గడి 16 బిట్లే, 65,535 దాటితే పట్టదు. తక్కువ చూపించి ఊరుకోవచ్చుగా, ఏకంగా నోరు మూసుకుంటుంది.

డిస్కు మీది బొమ్మ చూసి సైజు తక్కువ చూపించే కుదింపు జంపర్ (పిన్నుల మీద గుచ్చే చిన్న ముక్క) పెట్టా. బొమ్మ తలకిందులుగా చదివి ఇంకో గంట తగలేశాననుకోండి. సరిగ్గా పెట్టాక లేచింది: 6,60,55,248 సెక్టార్లు, 33.8 జీబీ. లినక్స్ సీడీ నుంచి, డిస్కు సెట్టింగులు మార్చే హెచ్‌డీపార్మ్‌తో మొత్తం తెరిపిస్తే తెరుచుకుంది, స్విచ్ ఆపి వేస్తే మళ్లీ మొదటికే. విండోస్ 98కి ఇది దేనికీ పనికిరాదు. 46 జీబీ కళ్లముందే తాళం.

బూట్ సెక్టార్‌లో తిష్ఠవేసి పెద్ద డిస్కుని పూర్తిగా చూపించే డిస్క్ మేనేజర్లు నాకు పడవు. డిస్కు పీకి ఇంకో మెషీన్‌కి పెడితే ఫైళ్లు దొరక్కపోవచ్చు.



బయాస్ కొత్తది ఎక్కించొచ్చు, కానీ సగంలో కరెంటు పోతే బోర్డే పోతుంది. యూపీఎస్ అరువు దొరికేదాకా దాని జోలికి పోను. ఈలోపు, పెద్ద డిస్కుల్ని గుర్తించే ఉచిత ప్రోగ్రాం ఎక్స్‌టీ-ఐడీఈ యూనివర్సల్ బయాస్‌ని చిప్‌లో రాయించి, పాత నెట్‌వర్క్ కార్డు బూట్ రోమ్ సాకెట్‌లో గుచ్చాలని ఉంది. అది పనిచేసినా, డిస్కుని భాగాలు చేసే విండోస్ 98 ఎఫ్‌డిస్క్ 64 జీబీ దాటితే సైజు తప్పు చూపిస్తుంది, సరిచేసిన వెర్షన్ వెతకాలి. ముందు ఆ సాకెట్‌కి 28 కాళ్లా 32 కాళ్లా అన్నది రేపు పగటి వెలుగులో లెక్కపెట్టాలి.