పిన్ని పంపిస్తానన్న పొడి

గృహప్రవేశం భోజనాల దగ్గర పిన్ని అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "మీ అమ్మకూ అదే, అక్కకూ అదే. కీళ్ల నొప్పులు మన వంశంలోనే ఉన్నాయి. మంచి పొడి ఒకటి ఉంది, పంపిస్తాను, ఇద్దరూ వాడండి. ముందు ఆ క్యాన్సర్ మాత్రలు మానేయమను." అక్క ఎదురుగానే కూర్చుంది. విస్తట్లోంచి తలెత్తలేదు.

రెండూ ఒకటెలా అవుతాయి? అమ్మకు అరవై దాటాక మోకాళ్లలో గుజ్జు అరిగింది. మెట్లెక్కితే నొప్పి, కూర్చుంటే ఉపశమనం. పొద్దున పట్టేసినా కాఫీ తాగేలోపు సర్దుకుంటుంది. అక్కది అరుగుదల కాదు, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే జబ్బు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తోంది. అందుకే రాత్రంతా పడుకుని లేచాకే ఎక్కువ బాధ. మందు మొదలుపెట్టకముందు లేచి గంట దాటినా పిడికిలి బిగిసేది కాదు. రెండు మణికట్లూ, రెండు చేతుల వేళ్లూ ఒకేలా వాచేవి. పైగా నీరసం, అప్పుడప్పుడూ ఒళ్లు వెచ్చబడటం. ముప్పై నాలుగేళ్ల మనిషికి వయసు మీద పడిందంటే ఎలా ఒప్పుకోను?

అసలు మొదట బయటపడింది గాజుల కొట్లో. వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు, ఆకుపచ్చ మట్టిగాజులు. గాజులామె అలవాటుగా అక్క బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ల మొదళ్ల దగ్గర కణుపులన్నీ కలిపి నొక్కింది. అక్క అరిచిన అరుపుకు కొట్లో అందరూ తిరిగి చూశారు. "నేను గట్టిగా నొక్కలేదమ్మా" అని ఆవిడ భయపడిపోయింది. నిజంగానే నొక్కలేదు. అంతకుముందు ఏడాది అదే కొలత గాజులు సులువుగా ఎక్కాయి. రెండో చేయి ఇమ్మంటే అక్క వెనక్కి దాచుకుంది. ఆటోలో ఇల్లు చేరేదాకా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎవరినీ తగలనివ్వలేదు. చాలా కాలం తరవాత రుమటాలజిస్టు, అంటే ఇలాంటి కీళ్ల జబ్బులు చూసే డాక్టరు కూడా సరిగ్గా అక్కడే, అలాగే పట్టుకుని మెల్లగా నొక్కి చూశారు. ఈ జబ్బును అనుమానించినప్పుడు చేసే పరీక్షల్లో అదీ ఒకటి.

ఇది రాస్తుంటే పిన్ని మీద కోపం తగ్గిపోతోంది. పిన్ని కనీసం బాగుపడాలనే చెప్పింది. ఆ మధ్యలో మేము చూపించుకున్న డాక్టరు అక్క చేతులు పట్టుకుని చూడనే లేదు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగెటివ్ వచ్చింది కాబట్టి ఏమీ లేదని, నొప్పి మాత్రలు రాసి పంపేశారు. జబ్బు ఉన్నా కొందరికి ఆ పరీక్ష నెగెటివ్‌గానే వస్తుంది. అక్క విషయంలో తరవాత చేయించిన యాంటీ సీసీపీ అనే మరో రక్తపరీక్షలో జబ్బు తేలింది. నొప్పి మాత్ర నొప్పిని అణచగలదు కానీ, జబ్బు ఎముకను తినేయడాన్ని ఆపలేదు. ఎడమ మణికట్టు ఎక్స్‌రేలో కనిపించిన దెబ్బ ఆ నెలల్లో తగిలినదే. అది ఇక పూర్తిగా పూడదు. నా కోపమంతా అక్కడ ఉంది.

ఇప్పుడు మెథోట్రెక్సేట్ పనిచేస్తోంది. పిన్ని క్యాన్సర్ మాత్రలన్నది దీన్నే. ఈ రోజు గుమ్మానికి కట్టిన బంతిపూల దండ అక్కే గుచ్చింది. క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో వాడే మందే, నిజమే. కీళ్లకు ఇచ్చేది చిన్న మోతాదు, అదీ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మా ఇంట్లో ఆదివారం రాత్రి అక్క మాత్ర వేసుకోగానే అమ్మ క్యాలెండర్ మీద గుర్తు పెడుతుంది. ఆ మందు దుష్ప్రభావాలు తగ్గించే ఫోలిక్ యాసిడ్ విటమిన్ మాత్ర వేరే రోజు. కాలేయానికి రక్తపరీక్షలు మామూలే.

ఆ పొడి సంగతే భయంగా ఉంది. అలాంటి పేరులేని పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి అమ్మడం కొత్త కాదు. నాలుగు రోజుల్లో నొప్పి మాయమవుతుంది, ఎముకలేమో గుల్లబారుతాయి. షుగరూ పెరుగుతుంది, అమ్మకు అది ముందే ఉందాయె. రేపు పొద్దునే పిన్నికి ఫోను చేసి ఇవన్నీ విడమరిచి చెప్తాను. పొడి వద్దంటాను. ఎప్పుడూ పంపే నువ్వుల నూనె మాత్రం పంపమంటాను, వెచ్చచేసి రాస్తే అమ్మ మోకాళ్లకు హాయిగా ఉంటుంది.