కొండ మీద క్యాంపస్

శనివారం అమ్మాయితో ఇక్కడ ఇంగ్లండ్‌లోని బాత్ యూనివర్సిటీ ఓపెన్ డేకి వెళ్లొచ్చాం. బాత్ ఊరికి పైన, క్లావర్టన్ డౌన్ కొండ మీద ఉంది. 1966లో యూనివర్సిటీ హోదా వచ్చింది. పాత రాతి మేడలు చూస్తామనుకుని వెళ్తే అక్కడంతా కాంక్రీటే!

హాస్టళ్లు, జిమ్ అన్నీ బాగున్నాయి. కానీ నా మనసు పట్టేసింది మాత్రం ప్లేస్‌మెంట్ ఇయర్. చాలా కోర్సుల్లో మధ్యలో ఒక ఏడాది కంపెనీలో పనిచేసి, తిరిగొచ్చి డిగ్రీ పూర్తిచేయొచ్చు. ఇక్కడి పిల్లలకు ఆ ఏడాది ఫీజు మామూలు ఫీజులో 20 శాతం దాటకూడదు. విజయవాడలో నా నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో ఫ్యాక్టరీ లోపలికి అడుగుపెట్టింది ఒక్క పూట.

ల్యాబ్‌లో ఫైనలియర్ అమ్మాయి ఒకామె చిన్న ఇనుప ముక్కను మా అమ్మాయి చేతిలో పెట్టి, "ప్లేస్‌మెంట్‌లో ఇలాంటిదే పగిలింది. ఎందుకు పగిలిందో కనుక్కోవడానికి నాకు మూడు వారాలు పట్టింది" అంది. మా అమ్మాయి ఆ ముక్కను తిప్పి తిప్పి చూస్తూనే ఉంది. బ్రోషర్ తెరవనే లేదు.

ఇక్కడ యూనివర్సిటీలకు దరఖాస్తు చేసే యూకాస్ ఫారంలో ఐదు కోర్సులు పెట్టొచ్చు. రాత్రి అన్నం తింటూనే కాగితం మీద మొదటిది రాసేసింది. మిగతా నాలుగు ఇంకా ఖాళీ.