బురద పూసుకున్న పూట

మోచేతి మీద పొలుసులు కనిపిస్తే చాలు, ఎదుటివాళ్లంతా వైద్యులైపోతారు. సొరియాసిస్ మొదలైనప్పటి నుంచి నేను వినని చిట్కా లేదు. వాటిలో అందరికంటే గట్టిగా వినిపించింది మృత సముద్రపు బురద. జోర్డాన్ ప్రయాణం ఖాయమయ్యాక మా చర్మవైద్యురాలిని అడిగాను. "నిక్షేపంగా వెళ్లి రండి. బురదను నమ్ముకుని మందు మాత్రం మానకండి," అన్నారామె.

మామూలుగా చర్మకణం పుట్టి, పైకి చేరి, రాలిపోవడానికి సుమారు నెల పడుతుంది. ఈ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి తొందరపెట్టడంతో ఆ పనంతా కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. రాలే తీరిక లేని కణాలు వెండిరంగు పొలుసులుగా పేరుకుంటాయి. ఒకటి గిల్లితే కింద సూదిమొనంత రక్తపు చుక్కలు. దురదను ఎలాగో ఓర్చుకున్నాను. నల్ల కుర్చీలోంచి లేచినప్పుడల్లా వెనక్కి తిరిగి, రాలిన పొట్టును ఎవరూ చూడకముందే దులిపేయాల్సి రావడమే నాకు కష్టంగా ఉండేది. ఇది అంటుకునే జబ్బు కాదు. ఆ సంగతి చెప్పినా ఈత కొలను దగ్గర పక్కవాళ్లు కాస్త జరిగే కూర్చుంటారు.

జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి మృత సముద్రానికి రోడ్డు దిగుతూనే ఉంటుంది. దారిలో సముద్రమట్టాన్ని సూచించే గుర్తు దాటాక కూడా ఇంకా కిందికే. ఒడ్డు సముద్రమట్టానికి 430 మీటర్లకు పైగా దిగువన ఉంది. చెవులు దిబ్బెళ్లు పడ్డాయి. నీటిలో ఉప్పు దాదాపు 34 శాతం, మామూలు సముద్రంలో ఉండేదానికి పదింతలు. మోకాలి పగుళ్లలోకి అది దిగగానే పళ్లు బిగపట్టాను. మంట తగ్గాక వెల్లకిలా పడుకుంటే నీరే మోస్తుంది. నిలబడటమే తంటా: మోకాళ్లు పొట్టకేసి ముడుచుకుని, అప్పుడు కాళ్లు దించాలి.

ఒడ్డున పెద్ద కుండ నిండా నల్లటి బురద. చేత్తో తీస్తే వెన్నలా జారింది, లీలగా గంధకం వాసన. పూసే కుర్రాడు వీపు గట్టిగా రుద్దబోతే వద్దన్నాను. సొరియాసిస్ ఉన్న చర్మం గీరుకుంటే అక్కడే కొత్త మచ్చ లేవవచ్చు. ఆరేకొద్దీ బురద బూడిదరంగుకు తిరిగి, చర్మాన్ని బిగబట్టి లాగింది. అక్క నవ్వుతూ ఫోన్‌లో ఫోటో తీసింది. అందులో మా ఇద్దరి చేతులకూ తేడా లేదు. పొడుగు చేతుల చొక్కా లేకుండా నేను ఫోటో దిగి చాలా కాలమైంది.

కడిగేసుకున్నాక పొలుసులు మెత్తబడి ఊడిపోయాయి, కింద గులాబీరంగు చర్మం. "చూశావా, తగ్గిపోయింది!" అంది అక్క. ఊళ్లు తిరగడం పూర్తికాకముందే మళ్లీ పేరుకున్నాయి.

అక్కడికి చికిత్స కోసం వచ్చేవారి పద్ధతి వేరు. దాదాపు నాలుగు వారాలుండి, రోజూ ఎండలో గడిపే సమయాన్ని మెల్లగా పెంచుతూ, మధ్యమధ్య నీటిలో దిగుతారు. అంత లోతట్టు ప్రాంతం కావడంతో సూర్యకాంతి మరింత గాలిపొరను, నీటి మీది మసకను దాటి రావాలి. చర్మాన్ని కమిలించే కిరణాలు కొంత తగ్గుతాయి కాబట్టి ఎక్కువసేపు ఎండలో ఉండగలరు. పేరు బురదకు దక్కింది గానీ, పని ప్రధానంగా ఎండది.

తిరిగొచ్చాక నాకు పనిచేసిందీ ఆ ఎండ రూపమే. 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి వెలిగే నిలువెత్తు పెట్టెలో, కళ్లకు నల్ల అద్దాలు పెట్టుకుని, వారానికి మూడుసార్లు నిలబడ్డాను. మొదట్లో కొన్ని సెకన్లే. చర్మం ఎర్రబడకపోతే పెంచేవారు. పూతగా కాల్సిపోట్రియాల్ అనే విటమిన్ డి తరహా లేపనం. విసుగు పుట్టించే వైద్యమే, అయినా ముందు నడుము మీద, తర్వాత మోచేతుల మీద మచ్చలు పలచబడ్డాయి. మోకాళ్లు చాలా మొండికేశాయి.

ఇది శాశ్వతంగా పోయే జబ్బు కాదని వైద్యురాలు మొదటే చెప్పారు. ఇప్పుడు ఎడమ మోకాలి మీద మాత్రం నాణెమంత మచ్చ మిగిలింది. చలికాలంలో అది మందమైతే లేపనం మళ్లీ మొదలుపెడతాను, పాకితే కాంతి చికిత్సకు వెళతాను. నల్ల కుర్చీలో కూర్చోవడానికి ప్రస్తుతానికి ఇబ్బంది లేదు.